సున్నా నుంచి ఎలక్ట్రానిక్స్: ఉచిత కోర్సులు ఇన్ని ఉన్నాయి, ఏది పట్టుకోవాలి?

అంచుతీగ:
అందరికీ నమస్కారం. చదివింది కామర్స్, చేసేది అకౌంట్స్ పని. స్కూలు దాటాక ఫిజిక్స్ ముఖం చూడలేదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలని చాలాకాలంగా కోరిక. ఉద్యోగం కోసం కాదు. గదిలో వేడి ఒక హద్దు దాటితే లైటు వెలిగే చిన్న పరికరం కట్టాలి. అదీ ఎవరి సర్క్యూటో చూసి కాపీ కొట్టకుండా, ఏ భాగం ఎందుకుందో తెలిసి కట్టాలి. ప్రస్తుతానికి ఆశ అంతే.

సమస్య ఏంటంటే బ్రౌజర్‌లో ట్యాబ్‌లు పెరుగుతున్నాయి తప్ప బుర్రలోకి ఏమీ ఎక్కట్లేదు. ఎంఐటీ వాళ్ల సర్క్యూట్ల కోర్సు 6.002 మొదలుపెడితే మొదటి పాఠంలోనే మాక్స్‌వెల్ సమీకరణాలు (విద్యుత్తు, అయస్కాంతత్వాల మూల సూత్రాలట) ఎదురయ్యాయి. ఖాన్ అకాడమీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగం బాగుంది. కానీ చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, మూసేశాక ఒక్క లెక్క కూడా సొంతంగా రాదు. ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు) దాదాపు ఒకే పేరుతో ఎన్నో కోర్సులున్నాయి, ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇక యూట్యూబ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఏ కోర్సుతో మొదలుపెట్టాలి? లెక్కలు ఎంత రావాలి? కోర్సు పూర్తయ్యాక సామాను కొనాలా, ముందే కొనాలా?

పాతరేడియో:
ముందు ట్యాబ్‌లన్నీ మూసెయ్ తమ్ముడూ. ఒక్కటి ఉంచు. టోనీ కుఫాల్ట్ రాసి అందరికీ ఉచితంగా వదిలిన ‘లెసన్స్ ఇన్ ఎలక్ట్రిక్ సర్క్యూట్స్’ ఉంది. అందులో మొదటి సంపుటం డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు. భాష తేలిక, లెక్కలు చాలావరకు కూడికలు భాగహారాల దగ్గరే ఆగుతాయి. వీడియో కాదు కాబట్టి నీ వేగానికి అదే ఆగుతుంది.

సామాను ఇవాళే తెచ్చుకో. బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు), డిజిటల్ మల్టీమీటర్, రకరకాల విలువల రెసిస్టర్లు, నాలుగు ఎల్ఈడీలు, కొన్ని కెపాసిటర్లు, తీగలు. 5 వోల్టులకి ఫోన్ ఛార్జర్ చాలు, యూఎస్‌బీ నుంచి రెండు తీగలు బయటికి తీసే చిన్న బోర్డులు దొరుకుతాయి. ఓసిల్లోస్కోప్ గురించి ఇప్పుడు ఆలోచించకు.

బజర్ మోగే మీటర్ అయితే వచ్చిన రోజే బ్రెడ్‌బోర్డ్ మీద కూర్చో. ఏ రంధ్రం దేనితో కలిసిందో ప్రోబులు పెట్టి నువ్వే కనిపెట్టు. మధ్య గాడికి అటు ఐదు, ఇటు ఐదు కలిసి ఉంటాయి, గాడి దాటి కలవవు. పక్కనుండే పొడుగు పట్టీలు కొన్ని బోర్డుల్లో సగంలో తెగి ఉంటాయి. అది తెలియక ‘సర్క్యూట్ పని చేయట్లేదు’ అని ఇక్కడ పోస్టు పెట్టేవాళ్లకి లెక్కలేదు.

లెక్కలవీధి:
పాతరేడియో గారి సలహా సగం వరకే ఒప్పుకుంటాను. 6.002ని అంత తేలిగ్గా పక్కన పెట్టేయకండి.

ఆ కోర్సు చెప్పిన అనంత్ అగర్వాల్ మొదటి పాఠంలో మాక్స్‌వెల్ సమీకరణాలు చూపించేది నేర్పడానికి కాదు, వాటిని వదిలించడానికి. ప్రతి భాగాన్నీ రెండు కాళ్లున్న ఒక ముద్దగా అనుకుందాం, దాని బయట అయస్కాంత క్షేత్రం మారడం లేదు, దాని లోపల ఛార్జి పేరుకోవడం లేదు అని ఒప్పందం చేసుకుంటాడు. ఆ ఒప్పందం కింద మాక్స్‌వెల్ సమీకరణాలు కరిగిపోయి 1845లో కిర్కాఫ్ చెప్పిన రెండు నియమాలు మిగులుతాయి. ఒక ముడిలోకి వచ్చిన కరెంటంతా బయటికి పోవాలి. ఒక చుట్టు తిరిగి వస్తే వోల్టేజీల మొత్తం సున్నా. తర్వాతి పాఠాలన్నీ ఈ రెండింటి మీదే నిలబడతాయి.

2012లో ఇదే కోర్సుని అందరికీ ఆన్‌లైన్‌లో తెరిచినప్పుడు 1,50,000 మందికి పైగా పేర్లు ఇచ్చారు. చివరిదాకా నిలిచి పాసైనవాళ్లు 7,000 పైచిలుకు.

పాతరేడియో:
> చివరిదాకా నిలిచి పాసైనవాళ్లు 7,000 పైచిలుకు.

నా వాదన మీరే చేసి పెట్టారు మాస్టారూ.

లెక్కలవీధి:
పేరు ఇవ్వడానికి ఒక క్లిక్ చాలు, అందుకని ఆ నిష్పత్తి చూసి కోర్సుని తప్పుపట్టలేం. కానీ ఒక మాట నిజమే. అది ఎంఐటీలో రెండో ఏడాది వాళ్ల స్థాయి కోర్సు. విద్యుత్తు, అయస్కాంతత్వం చదివి, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కనీసం పక్కపక్కన చదువుతున్నవాళ్లని ఎదురుగా పెట్టుకుని చెప్పింది. అంచుతీగ గారు దాన్ని రెండో అంచెలో పెట్టుకోవాలి, మొదటి అంచెలో కాదు. అంతవరకు రాజీ.

బ్లింక్‌బాబు:
ఇంత దూరం ఎందుకు బ్రో? ఆర్డువీనో తీసుకో, ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు. సాయంత్రానికి ఎల్ఈడీ మిణుకుతుంది, వారాంతానికి సెన్సర్ రీడింగ్ స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఓమ్ నియమంతో మొదలుపెట్టినవాళ్లు సగంలో బోర్ కొట్టి వదిలేస్తారు. నేను అలాగే రెండుసార్లు వదిలేసి, మూడోసారి ఆర్డువీనోతోనే నిలబడ్డాను. సరదా ఉంటేనే చదువు సాగుతుంది.

పాతరేడియో:
సరదా ఉండాలి, కాదనను. కానీ తను అడిగింది చూడు: ‘ఏ భాగం ఎందుకుందో తెలిసి’. ఆర్డువీనో పాఠాల్లో ‘ఇక్కడ 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి’ అంటారు, పెడతాం, వెలుగుతుంది, ముందుకు పోతాం. 220 ఎందుకు, 22 పెడితే ఏమవుతుంది, 22,000 పెడితే ఏమవుతుంది అని అడిగే అవసరమే రాదు.

ఆ లెక్క ఎంతసేపని? సరఫరా 5 వోల్టులు. ఎరుపు ఎల్ఈడీ తన వాటాగా 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మోయాలి. 15 మిల్లీ ఆంపియర్లు కావాలనుకుంటే 3ని 0.015తో భాగించు, 200 ఓమ్‌లు. బజారులో సులువుగా దొరికే దగ్గరి విలువ 220. నీలం ఎల్ఈడీ అయితే దాదాపు 3 వోల్టులు మింగేస్తుంది, లెక్క మళ్లీ మొదలు.

భూమిపిన్ను:
ఇద్దరూ ఒకే గొడవ ఎన్నిసార్లు పడతారో. నేను వారాంతాల్లో పిల్లలకి ఇవే నేర్పుతాను, రెండు దారులూ చూశాను.

ఆర్డువీనో ఊనోలో ఒక పిన్ను హాయిగా ఇవ్వగలిగింది 20 మిల్లీ ఆంపియర్లు. 40 అనేది చిప్పు తట్టుకునే చివరి హద్దు, రోజూ వాడుకునే సంఖ్య కాదు. ఎల్ఈడీ దాకా ఆ తేడా ఎవరికీ కనబడదు. చిన్న మోటారు తగిలించగానే బయటపడుతుంది. మోటారు తిరగదు, లేదా బోర్డు తనంతట తనే రీసెట్ అవుతుంది, ఇంకా దురదృష్టం ఉంటే పిన్ను పోతుంది. అప్పుడు చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే ట్రాన్సిస్టర్ కావాలి, ఆ చిన్న కరెంటు వెళ్లే కాలికి, అంటే బేస్‌కి, రెసిస్టర్ లెక్కగట్టాలి, మోటారుకి అడ్డంగా తిరగేసిన డయోడ్ పెట్టాలి. కాయిల్‌లో పారే కరెంటుని ఒక్కసారిగా ఆపితే పుట్టే ఎదురు వోల్టేజీకి ఆ డయోడే దారి ఇస్తుంది. అంటే ఆర్డువీనోతో మొదలుపెట్టినా చివరికి పాతరేడియో గారి బల్ల దగ్గరికే రావాలి.

అంచుతీగ, నీకు కావలసిన పరికరానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు. సెన్సర్, ఆప్ ఆంప్ (రెండు వోల్టేజీల తేడాని బాగా పెంచి చూపే చిప్పు), ఎల్ఈడీ చాలు. ముందు డీసీ, తర్వాత కెపాసిటర్, డయోడ్, ట్రాన్సిస్టర్, ఆప్ ఆంప్. ఈ వరుసలో ఏ కోర్సు దొరికినా పరవాలేదు. పక్కన ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ తెరిచి ఉంచుకో. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తీగల్లో కరెంటు చుక్కల్లా కదులుతూ కనిపిస్తుంది. ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్ కూడా ఉచితమే కానీ దాని ముఖం చూస్తే కొత్తవాళ్లకి టెన్షన్ వస్తుంది, తర్వాత చూసుకోవచ్చు.

అంచుతీగ:
చాలా థాంక్స్ అండి అందరికీ. పాతరేడియో గారూ, తమ్ముడు కాదు, చెల్లెలు :)

కుఫాల్ట్ పుస్తకం మొదలుపెట్టాను. మీటర్, బోర్డు వచ్చాయి. ఒక సందేహం. ఒక వీడియోలో వోల్టేజీ అంటే ట్యాంకు ఎత్తు, కరెంటు అంటే పైపులో నీళ్లు అన్నారు. మరి రెసిస్టర్ దాటాక కరెంటు తగ్గాలి కదా, కొంత అక్కడ ఖర్చయిపోతుంది కాబట్టి? రెసిస్టర్ ముందు ఒక ఎల్ఈడీ, వెనక ఒక ఎల్ఈడీ పెడితే వెనకది మసకగా వెలగాలి. రెండూ ఒకేలా వెలిగాయి.

పాతరేడియో:
సరే చెల్లెమ్మా. నువ్వు చేసిన పరీక్షే సమాధానం, దాన్ని నమ్ము. ఖర్చయ్యేది శక్తి, కరెంటు కాదు. పైపుల్లో కూడా ఇరుకు చోట నీళ్లు మాయమైపోవు, ఇటు ఎన్ని వెళ్లాయో అటు అన్నే వస్తాయి. పోల్చడం తప్పు కాదు, వీడియో దాన్ని సగంలో వదిలేసింది. ఆ పోలిక ఇంకాస్త లాగితే తెగుతుంది కూడా: పైపు కోస్తే నీళ్లు కారతాయి, తీగ కోస్తే కరెంటు ఆగిపోతుంది. అందుకని మొదటి వారానికి వాడుకుని వదిలెయ్.

కరెంటు కొలవాలనుకుంటే మీటర్‌ని దారిలో భాగం చెయ్యాలి. ఒకచోట తీగ విప్పి, ఆ రెండు కొసల మధ్య మీటర్ పెట్టాలి. ఆంపియర్ సాకెట్‌లో ప్రోబు ఉంచేసి దాన్ని నేరుగా బ్యాటరీకి అడ్డంగా పెడితే మీటర్ లోపల ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు లేని సాకెట్ అయితే ఇంకా ప్రమాదం. కొలత అయిన వెంటనే ప్రోబు వోల్టు సాకెట్‌కి మార్చడం అలవాటు చేసుకో.

సర్టిఫికెట్‌రావు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇవి చేస్తే సర్టిఫికెట్ వస్తుందా? రెజ్యూమెలో పెట్టుకోవచ్చా?

భూమిపిన్ను:
పాఠాలు వినడం ఉచితం, కాగితం కావాలంటే మాత్రం చాలా చోట్ల డబ్బు కట్టాలి. ఎన్‌పీటెల్‌లో పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి, దానికి ఫీజుంది. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ అసలు సర్టిఫికెట్లే ఇవ్వదు. కొత్త దారం తెరిచి అడగండి, ఇక్కడ విషయం పక్కదారి పడుతుంది.

అంచుతీగ:
కెపాసిటర్ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో ఒకటి ఉంది, బల్ల మీద ఇంకొకటి వస్తోంది. మూడు సాయంత్రాలు దీనికే పోయాయి.

సర్క్యూట్ చాలా చిన్నది. 5 వోల్టుల సరఫరా, 1 మెగా ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, అక్కణ్ణుంచి గ్రౌండ్. పెద్ద రెసిస్టర్ ఎందుకు తీసుకున్నానంటే నెమ్మదిగా నిండితే గడియారం చూస్తూ రాసుకోవచ్చని. రెండిటినీ గుణిస్తే 10 సెకన్లు, అంతసేపట్లో 63 శాతం నిండాలి. ఐదు రెట్ల సమయం గడిస్తే, అంటే 50 సెకన్లకి, 99 శాతం నిండాలి.

సరఫరా కొలిస్తే 5.02 వోల్టులు. కెపాసిటర్ మీద మీటర్ పెట్టి చూస్తూ కూర్చున్నాను. మొదట గబగబా ఎక్కింది, తర్వాత నెమ్మదించింది, 4.41 దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు ఆగినా అంతే. కెపాసిటర్ మార్చినా దాదాపు అంతే. ఫాల్‌స్టాడ్‌లో కడితే బుద్ధిగా 5 వోల్టులకి చేరుతోంది. పోలారిటీ సరిగ్గానే ఉంది, గీత ఉన్న కాలు గ్రౌండ్‌కే పెట్టాను.

బ్లింక్‌బాబు:
బ్రెడ్‌బోర్డ్ లూజ్ కాంటాక్ట్ అయి ఉంటుంది. వేరే వరుసలో పెట్టి చూడు.

లెక్కలవీధి:
లూజ్ కాంటాక్ట్ అయితే అంకె గెంతుతుంది, ఇలా నిలకడగా ఆగదు. నిలకడగా ఆగిందంటే రెసిస్టర్ గుండా ఇంకా కొంత కరెంటు పారుతూనే ఉందన్నమాట. 5.02లోంచి 4.41 తీసేస్తే 0.61 వోల్టులు. దాన్ని 1 మెగా ఓమ్‌తో భాగిస్తే 0.61 మైక్రో ఆంపియర్లు. ఆ కరెంటు ఎక్కడికో పోతోంది. ఎక్కడికి?

పాతరేడియో:
మాస్టారూ, చెప్పెయ్యకండి. చెల్లెమ్మా, ఒక పని చెయ్యి. మీటర్ ప్రోబు తీసేసి, సర్క్యూట్‌ని రెండు నిమిషాలు దాని మానాన వదిలెయ్. తర్వాత ప్రోబు తాకించి మొదట కనబడిన అంకె రాసుకో. అక్కడే పట్టుకుని ఉంచి ఏమవుతుందో కూడా రాయి. నీ మీటర్ కాగితంలో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అని ఎంత రాశారో కూడా చూడు.

అంచుతీగ:
ఓహో!

తాకించగానే 4.82 కనబడింది. తర్వాత కళ్లముందే జారడం మొదలుపెట్టింది, 4.7, 4.6, నెమ్మదిగా మళ్లీ 4.41 దగ్గరికి వచ్చి ఆగింది. రెండోసారి చేసినా ఇంతే. అంటే నేను కొలవడం వల్లే తగ్గుతోందా? మీటర్ కాగితంలో 10 మెగా ఓమ్‌లు అని ఉంది.

లెక్కలవీధి:
ఇక నన్ను ఆపకండి.

మీ మీటర్ కూడా ఒక రెసిస్టరే, 10 మెగా ఓమ్‌లది, కెపాసిటర్‌కి సమాంతరంగా కూర్చుంది. నిండిపోయాక కెపాసిటర్ గుండా కరెంటు పారదు కాబట్టి దాన్ని కాసేపు మర్చిపోండి. మిగిలింది 1 మెగా, 10 మెగా ఉన్న వోల్టేజ్ డివైడర్, అంటే సరఫరాని వాటాలుగా పంచుకునే రెండు రెసిస్టర్ల జత. 5.02ని 10తో గుణించి 11తో భాగిస్తే 4.56.

కానీ మీకు వచ్చింది 4.41. ఇంకో 0.15 వోల్టులు ఎక్కడ? 4.41 వోల్టుల దగ్గర మీటర్ తాగేది 0.44 మైక్రో ఆంపియర్లు. మొత్తం పారేది 0.61. మిగిలిన 0.17 కెపాసిటరే లోపల్నుంచి కారుస్తోంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఈ లీకేజీ మామూలే. సరిచూసుకోవడానికి మీ రెండో కొలత ఉంది: మీటర్ లేనప్పుడు 4.82, అంటే సరఫరా కన్నా 0.20 తక్కువ, అంటే 0.20 మైక్రో ఆంపియర్ల లీకేజీ. వోల్టేజీ కాస్త పెరిగింది, లీకేజీ కూడా కాస్త పెరిగింది. చక్కగా అతికింది.

ఫాల్‌స్టాడ్‌లో 5 ఎందుకు వచ్చిందంటే అక్కడ మీటర్‌కి బరువు లేదు, కెపాసిటర్‌కి లీకేజీ లేదు. మీరే కెపాసిటర్‌కి అడ్డంగా 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్ గీసి చూడండి.

భూమిపిన్ను:
దీన్ని తప్పకుండా చేసి చూడమ్మా. పది వీడియోలు చూసినా ఇది తెలియదు, ఎందుకంటే వీడియోలో మీటర్ ఎప్పుడూ నిజమే చెబుతుంది.

డివైడర్ల దగ్గర ఇదే సంగతి ఇంకా ఘోరంగా ఎదురవుతుంది. 9 వోల్టులకి 10 కిలో, 10 కిలో పెట్టి మధ్యలో 4.5 వోల్టులు తీశాననుకుని, అక్కడికి 1 కిలో ఓమ్ లోడు తగిలిస్తే మిగిలేది 0.75 వోల్టులు. డివైడర్‌ని పవర్ సప్లై లాగా వాడలేకపోవడానికి కారణం అదే.

అంచుతీగ:
గీశాను. 4.55 వచ్చింది (సిమ్యులేటర్‌లో సరఫరా సరిగ్గా 5 కదా). రెసిస్టర్‌ని 10 కిలో ఓమ్‌లకి, కెపాసిటర్‌ని 1,000 మైక్రోఫారడ్‌కి మార్చి బల్ల మీద కూడా చూశాను. అదే 10 సెకన్లు, ఈసారి దాదాపు 5 వోల్టుల దాకా ఎక్కింది. 10 కిలో ముందు 10 మెగా లెక్కలోకి రాదు, అంతేనా?

ఇంకొకటి. సమయం మాత్రం 10 సెకన్లకి కాకుండా 11 దాటాక 63 శాతానికి చేరుతోంది.

లెక్కలవీధి:
అంతే. ఇక సమయం అంటారా, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ సాధారణంగా 20 శాతం అటూ ఇటూ ఉంటుంది. మీ 1,000 నిజానికి 1,100 పైన ఉండి ఉంటుంది.

ఇప్పుడు 6.002లో కెపాసిటర్ పాఠం తెరవండి. కెపాసిటర్‌లోకి పోయే కరెంటు దాని వోల్టేజీ ఎంత వేగంగా మారుతోందో దాన్నిబట్టి ఉంటుంది. ఆ కరెంటు రెసిస్టర్ గుండానే రావాలి. నిండేకొద్దీ రెసిస్టర్ మీద మిగిలే వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, నిండే వేగమూ తగ్గుతుంది. మీరు గడియారం చూస్తూ రాసుకున్న పట్టికే డిఫరెన్షియల్ ఈక్వేషన్. దాన్ని గుర్తుల్లో రాయడం ఒక్కటే మిగిలింది.

పాతరేడియో:
ఇంతకుముందు మాస్టారు చెబితే పారిపోయేదాన్ని అంటావా చెల్లెమ్మా?

అంచుతీగ:
పారిపోయాను కదండీ, అందుకే ఈ పోస్టు పెట్టాను :)

పాఠం చూశాను. లెక్క మొత్తం రాలేదు కానీ ఎక్కడ ఏం చేస్తున్నాడో తెలుస్తోంది. ట్రాన్సిస్టర్ దగ్గరికి వచ్చాను. కిట్‌లో పీ2ఎన్2222ఏ అని ఉన్నవి వచ్చాయి. కోర్సు బొమ్మలో చదును వైపు మనకేసి ఉంటే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని ఉంది. అలా పెడితే ఎల్ఈడీ మసకగా వెలుగుతోంది, సరిగ్గా వెలగట్లేదు.

పాతరేడియో:
బొమ్మలో ఉన్నది పీఎన్2222ఏ అయి ఉంటుంది. నీ దగ్గరున్న పీ2ఎన్2222ఏకి కాళ్ల వరుస తిరగబడి ఉంటుంది: కలెక్టర్, బేస్, ఎమిటర్. పేర్లలో తేడా ఒక్క అంకె. తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ చచ్చిపోదు, చాలా తక్కువ గెయిన్‌తో (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) కుంటుతూ పని చేస్తుంది. అందుకే మసక. బీసీ547 కూడా నీ దానిలాగే, 2ఎన్3904 మాత్రం నువ్వు చూసిన బొమ్మలాగా.

ఏ వీడియోలో బొమ్మనీ నమ్మకు. భాగం మీద రాసిన పూర్తి పేరు కొట్టి, తయారీదారు ఇచ్చే వివరాల కాగితం, డేటాషీట్ తియ్యి. ఇరవై పేజీలూ చదవక్కర్లేదు. మొదటి పేజీలో కాళ్ల బొమ్మ, తర్వాత దాటకూడని హద్దుల పట్టిక, ఆ తర్వాత నీకు కావలసిన కరెంటు దగ్గర గెయిన్ ఎంతో చూసుకో.

రిపేర్‌సరదా:
నేను కూడా ఈ దారం చూసి మొదలుపెట్టాను. పాత టీవీ పవర్ బోర్డు ఒకటి విప్పాను. దాని మీద వోల్టేజీలు కొలిచి నేర్చుకోవచ్చా?

భూమిపిన్ను:
వద్దు. మెయిన్స్ నుంచి పనిచేసే ఏ బోర్డూ నేర్చుకునే బల్ల మీద వద్దు. ప్లగ్ తీసేసినా మెయిన్స్ వచ్చే ప్రైమరీ వైపు పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. విప్పింది ముట్టుకోకుండా మూసి పక్కన పెట్టండి. యూఎస్‌బీ 5 వోల్టులతోనో చిన్న బ్యాటరీలతోనో చాలాకాలం నేర్చుకోవచ్చు. విడి లిథియం సెల్స్ కూడా ఇప్పుడే వద్దు, షార్ట్ అయితే నిప్పు అంటుకోవచ్చు.

అంచుతీగ:
కాళ్లు తిప్పి పెడితే వెలిగింది. తర్వాత ఆప్ ఆంప్ పాఠం కూడా అయింది. ఇక నా పరికరం.

ఎల్ఎం35 సెన్సర్ పెట్టాను, డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, అంటే 30 డిగ్రీలకి 300 మిల్లీవోల్టులు. హద్దు కోసం 5 వోల్టుల నుంచి రెసిస్టర్లతో దాదాపు 0.3 వోల్టులు తీశాను. (కొలిచింది 0.31. ఆప్ ఆంప్ ఇన్‌పుట్ దాదాపు ఏమీ తాగదు కాబట్టి ఈసారి డివైడర్ కుంగలేదు. ఆ లెక్క ముందే వేసుకున్నాను!) రెండూ ఎల్ఎం358 అనే ఆప్ ఆంప్‌కి ఇచ్చి, అవుట్‌పుట్‌కి 330 ఓమ్‌లు, ఎల్ఈడీ పెట్టాను. సెన్సర్‌ని వేళ్లతో పట్టుకుంటే వెలుగుతుంది, వదిలేస్తే ఆరుతుంది.

కానీ హద్దు దగ్గర ఉన్నప్పుడు పిచ్చిపట్టినట్టు మిణుకుతోంది. అవుట్‌పుట్ కూడా 5 వోల్టులు రావట్లేదు, మూడున్నర దగ్గర ఆగుతోంది. ఈసారి మీటర్ తప్పు కాదని తెలుసు.

భూమిపిన్ను:
మూడున్నర మామూలే. ఎల్ఎం358 అవుట్‌పుట్ పై సరఫరాకి దాదాపు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది, డేటాషీట్‌లో ఉంటుంది. కింద వైపు మాత్రం గ్రౌండ్ దగ్గరి దాకా దిగుతుంది.

మిణుకుకి మందు హిస్టెరిసిస్. వెలిగే హద్దు ఒకటి, ఆరే హద్దు దానికన్నా కాస్త కింద ఇంకొకటి ఉండాలి. సెన్సర్‌కీ ప్లస్ ఇన్‌పుట్‌కీ మధ్య 10 కిలో పెట్టు. అవుట్‌పుట్ నుంచి అదే ప్లస్ ఇన్‌పుట్‌కి 1 మెగా పెట్టు. అవుట్‌పుట్ ఊగేది మూడున్నర వోల్టులు, దాన్ని 10 కిలోతో గుణించి 1 మెగాతో భాగిస్తే 35 మిల్లీవోల్టులు. డిగ్రీకి 10 కదా, మూడున్నర డిగ్రీల ఎడం వస్తుంది. చిప్ సరఫరా కాళ్లకి దగ్గరగా 104 అని రాసి ఉన్న చిన్న కెపాసిటర్ ఒకటి పెట్టు, 0.1 మైక్రోఫారడ్.

అంచుతీగ:
మిణుకు పోయింది. కానీ మూడున్నర డిగ్రీలు మరీ ఎక్కువ, చల్లబడ్డాక కూడా చాలాసేపు వెలుగుతూనే ఉంది. ఒక డిగ్రీ చాలు అనుకుంటే 3.5 మెగా కావాలి. నా దగ్గర 1 మెగావి మాత్రమే ఉన్నాయి, మూడు వరుసగా కలిపాను. లెక్క ప్రకారం డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ రావాలి. గదిలో చూస్తే వెలిగేచోట 31.2, ఆరేచోట 30.1. ఈ రెండూ మీటర్‌తో ఎల్ఎం35 కాలి దగ్గరే కొలిచాను, ప్లస్ ఇన్‌పుట్ దగ్గర కాదు. అక్కడ పెడితే మళ్లీ 10 మెగా గొడవ వచ్చేదేమో అని.

లెక్కలవీధి:
అక్కడ మీటర్ కింద ఉన్నది 10 కిలోయే కాబట్టి పెద్దగా తేడా రాదు, అయినా ఆ అనుమానం రావడం బాగుంది. ఒక్క సవరణ. ఆప్ ఆంప్‌ని కంపారేటర్‌గా, అంటే రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పేదిగా, వాడటం మర్యాద కాదు. ఆ పనికే ఎల్ఎం393 ఉంది. దాని అవుట్‌పుట్ కిందికి లాగగలదు కానీ పైకి తోయలేదు, కాబట్టి దాన్ని సరఫరా వైపు లాగే పుల్ అప్ రెసిస్టర్ పెట్టాలి, హిస్టెరిసిస్ లెక్కలో దాన్నీ కలుపుకోవాలి.

పాతరేడియో:
వెలుగుతోంది, ఆరుతోంది, లెక్కకి సరిపోయింది. మాస్టారి మర్యాదలు వచ్చే నెల చూసుకోవచ్చు. ముందు దాన్ని బ్రెడ్‌బోర్డ్ మీంచి తీసి, భాగాలు సోల్డర్ చేసే వెరోబోర్డ్ మీదికి ఎక్కించు చెల్లెమ్మా. సోల్డరింగ్‌కి వేరే దారం ఉంది, అక్కడ కలుద్దాం. ఐరన్ కొనే ముందు మాత్రం అడుగు.